కట్టె, బట్ట, భుజం, కన్నీరు
ఆధునిక భారతీయ కథాసాహిత్యంలో అంత్యక్రియ

తెలుగు పల్లెల్లో శవయాత్ర సాగే తీరులో ఒక చిన్న ఆచారం ఉంది. పాడె ఊరు దాటి శ్మశానం చేరకముందే ఒకచోట దానిని నేలకు దింపుతారు. దగ్గరి బంధువు ఒకరు మృతుని చెవి దగ్గరకు వంగి మూడుసార్లు పేరు పెట్టిగాని, వరస పెట్టిగాని పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతాడేమోనన్న ఆశ అది. దీనినే దింపుడుకళ్ళం అంటారు. నెరవేరదని తెలిసీ విడువలేని ఆశకు ‘దింపుడుకళ్ళం ఆశ’ అన్న పేరు మన నుడికారంలో స్థిరపడిపోయింది. మరణాన్ని మనిషి ఒక్కసారిగా ఒప్పుకోలేడన్న సంగతి ఈ ఆచారంలో స్పష్టంగానే కనిపిస్తుంది. అంతకన్న ముఖ్యమైన మరొక సంగతి కూడ ఇందులో ఉంది. పాడె మీద ఉన్నది అప్పటికింకా ఒక పేరున్న మనిషి. పిలవడానికి ఒకరు, మోయడానికి నలుగురు ఉన్న మనిషి. ఆ పిలిచేవారూ, ఆ మోసేవారూ లేని మృతుని మాట ఏమిటన్నది ఈ ఆచారం వేయని ప్రశ్న. ఆధునిక భారతీయ కథకులు ఆ ప్రశ్న వేశారు. వారిలో నలుగురి రచనలను ఒకచోట చేర్చి, ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాచీన వాఙ్మయంలో మృత్యువును గురించిన ఆలోచనకు కొదవలేదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముని ఇంటి ముంగిట మూడు రాత్రులు నిరాహారంగా వేచి ఉండి, మరణించినవాడు ఉన్నాడా లేడా అని అడిగాడు. బౌద్ధ వాఙ్మయంలో కిసా గోతమి చనిపోయిన బిడ్డను చంకన వేసుకొని మందు కోసం తిరుగుతూ ఉంటే, ఎవరూ చనిపోని ఇంటి నుండి పిడికెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఇంటింటికీ తిరిగిన ఆ తల్లికి ప్రతి ఇంట్లోనూ ఆవాలు ఉన్నాయి. చావు ఎరుగని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. మరణం అందరిదీ అన్న ఎరుక ఆమెకు ఇంటి గడపల మీదనే కలిగింది. బిడ్డ శరీరాన్ని విడిచి ఆమె భిక్షుణీ సంఘంలో చేరింది.

ఈ రెండు గాథలూ మహోన్నతమైనవి. అయితే ఈ రెండింటిలోనూ ప్రశ్న మరణం అనే సత్యాన్ని గురించి మాత్రమే. శవాన్ని గురించిన ప్రశ్నకు మహాభారతంలోని స్త్రీపర్వం దాకా రావాలి. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాలలో అదీ ఒకటి. యుద్ధం ముగిసింది. గాంధారి మొదలైన స్త్రీలు రణభూమిలో తమవారి శరీరాలను వెదుక్కుంటున్నారు. ఆ శోకఘట్టం తరువాత వ్యాసుడు ఒక పరిపాలనా విషయాన్ని చెప్పడం మరువలేదు. చనిపోయిన వారందరికీ, నానాదేశాల నుండి వచ్చి, నా అన్నవారు లేక పడి ఉన్నవారికి కూడ, సంస్కారం జరిపించవలసిందని ధర్మరాజు విదురుడు మొదలైన వారిని ఆజ్ఞాపించాడు. చందనం, అగరు, నేయి, కట్టెలు తెప్పించాడు. విరిగిన రథాల కలప కూడ చితులకు పనికివచ్చింది. ఆ తరువాత గంగ ఒడ్డున తర్పణాలు విడిచే వేళ, కర్ణునికి కూడ నీళ్ళు విడవమని కుంతి కుమారులను అడిగింది. బ్రదికినన్నాళ్ళు తల్లి పేరు లేని మనిషికి తర్పణం నాడు ఆ పేరు వచ్చింది. అనాథశవం రాజు బాధ్యత అన్న భావన, అంత్యక్రియ అంటే మృతుడు మనవాడని లోకం ముందు ఒప్పుకోవడం అన్న భావన, ఈ రెండూ మన సాహిత్యంలో అంత పాతవి.

తెలుగువారికి ఈ విషయం గ్రంథాల కంటె నాటకరంగం మీద బాగా తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్యహరిశ్చంద్రీయం’లోని కాటిసీను చూడని పల్లె ఒకప్పుడు ఉండేది కాదు. అక్కడ జాషువా గారి ‘శ్మశానవాటి’ పద్యాలను కూడ నటులు పాడటం, ప్రేక్షకులు మళ్ళీమళ్ళీ పాడించుకోవడం ఆనవాయితీ అయింది. ఈ దృశ్యంలో రెండు భిన్నమైన మాటలు పక్కపక్కనే వినబడతాయి. రాజూ పేదా ఒకే బూడిద అవుతారనీ, ఈ చోట అస్పృశ్యతకు స్థానం లేదనీ జాషువా పద్యం భావిస్తుంది. అదే రంగస్థలం మీద కాటికాపరి హరిశ్చంద్రుడు, కొడుకు శవంతో వచ్చిన దిక్కులేని స్త్రీని కాటిసుంకం చెల్లించనిదే దహనం జరగదని నిలదీస్తాడు. ఆమె తన భార్య అనీ, ఆ శవం తన కొడుకుదనీ తెలిసిన తరువాత కూడ సుంకం విషయంలో సడలింపు లేదు. ప్రేక్షకులు దీనిని సత్యవ్రతానికి పరాకాష్ఠగా చూశారు. కాని చంద్రమతి వైపు నిలబడి చూస్తే ఆ దృశ్యం చెప్పేది మరొకటి. మరణం అందరినీ సమానం చేయవచ్చు. దహనానికి మాత్రం ఖర్చు అవుతుంది.

జాషువా (1895-1971) పద్యాన్ని ఈ వెలుగులో మరల చదవవలసి ఉంటుంది. ఆయన శ్మశానాన్ని సమత్వానికి తావుగా వర్ణించిన కాలంలో మన గ్రామాలలో కులానికొక శ్మశానం ఉంది. నేటికీ అనేక గ్రామాలలో శ్మశానాలు వేరుగానే ఉన్నాయి. దళితులకు శ్మశానస్థలం, అక్కడికి పోయే దారి తగాదా కావడం ఇప్పటికీ వింటున్న విషయమే. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవికి ఇది తెలియనిది కాదు. అందుచేత ఆ పద్యాన్ని ఉన్న స్థితికి వర్ణనగా కాక, ఉండవలసిన స్థితికి నిరూపణగా తీసుకోవాలి. చచ్చిన తరువాతనైనా అని కవి అంటున్నాడు. చచ్చిన తరువాత కూడ లేదు అని చూపినవారు కథకులు.

వారిలో ముందుగా చెప్పవలసినవారు శరత్‌చంద్ర చటోపాధ్యాయ. చక్రపాణి మొదలైన వారి అనువాదాల పుణ్యమా అని శరత్‌బాబు ఒక తరం తెలుగు పాఠకులకు సొంత రచయితే అయిపోయారు. 1926లో వెలువడిన ‘హరిలక్ష్మి’ సంపుటిలో ‘అభాగీర్ స్వర్గ’ అనే కథ ఉంది. ఊరిలో ముఖర్జీల ఇంటి వృద్ధ ఇల్లాలు భర్తా, కొడుకులూ, మనుమలూ చూస్తుండగా మరణించింది. చందనం, నేయి, పూలు, హరినామస్మరణ మధ్య ఆమె దహనం జరిగింది. దూలే కులానికి చెందిన అభాగి ఎవరినీ తాకకుండా, దూరంగా ఒక దిబ్బ మీద నిలబడి ఆ చితిని చూసింది. పైకి లేచిన పొగలో ఆమెకు ఒక చిన్న రథం, అందులో కూర్చొని స్వర్గానికి పోతున్న ఆ ఇల్లాలు కనిపించారు. తన కొడుకు కాంగాలి చేతి నిప్పు తనకూ దక్కితే తానూ ఆ రథం ఎక్కగలనని ఆమె నమ్మింది. కొద్ది రోజులకే జ్వరపడి ఆమె కన్నుమూసింది.

ఇక కథ అంతా కట్టె కోసమే. గుడిసె ముందు అభాగి స్వయంగా నాటిన మారేడు చెట్టు ఉంది. దానిని కొట్టబోతే జమీందారు దర్వాన్ అడ్డుకొని చేయి చేసుకున్నాడు. కాంగాలి కచేరీకి పరుగెత్తాడు. చెట్టు ధర ఐదు రూపాయలు చెల్లించమని గుమాస్తా గెంటివేయించాడు. ముఖర్జీల ఇంటికి పోయాడు. అక్కడ పెద్దింటి ఇల్లాలి శ్రాద్ధానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. మీ కులంలో కాల్చడం ఎక్కడిదని వారు పరిహసించారు. చివరకు ఏటి ఒడ్డున గొయ్యి తీసి, ఒక గడ్డిపరకల కట్ట వెలిగించి కొడుకు చేత తల్లి నోటికి తాకించి పూడ్చిపెట్టారు. ఆ గడ్డి నుండి లేచిన సన్నని పొగ వైపు కాంగాలి చూస్తూ నిలబడి ఉండగా కథ ముగుస్తుంది.

కాంగాలి తిరిగిన దారిని కిసా గోతమి తిరిగిన దారి పక్కన పెట్టి చూడండి. ఆమె కూడ ఇంటింటికీ తిరిగింది, ఇతడూ తిరిగాడు. ఆమె వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మరణం ఉంది. ముఖర్జీల ఇంట్లో కూడ నిన్నమొన్నటి మరణం ఉంది. తమకు కలిగిన దుఃఖమే ఇతనికీ కలిగిందన్న ఎరుక వారికి కలగడానికి అంతకన్న అనువైన ఘడియ ఉండదు. అయినా కలగలేదు. మరణం సార్వత్రికమన్న జ్ఞానం మనిషిలో కరుణను పుట్టిస్తుందని ప్రాచీన గాథ విశ్వసించింది. ఆ జ్ఞానం కులం అనే గడప వద్ద ఆగిపోతుందని శరత్‌బాబు చూపారు. ఆయన కథనంలో కరుణరసం పాలు ఎక్కువన్న విమర్శ ఉన్నది. ఈ కథలో కూడ కన్నీటి కోసం కొంత ఏర్పాటు కనబడకపోదు. కాని చెట్టు ఎవరు నాటారు, చెట్టు ఎవరిది అన్న ఒక్క వివరంలో ఆయన భూమి సంబంధాలను మొత్తంగా ఇమిడ్చారు. తాను పెంచిన చెట్టు తన చితికి పనికిరాని సమాజాన్ని గురించి ఎంత పెద్ద వ్యాసం రాసినా ఇంతకన్న స్పష్టంగా చెప్పలేము.

ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఉర్దూలో 1935 డిసెంబరులో, హిందీలో 1936లో వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆయన కన్నుమూశారు. శరత్‌బాబు కథలో కట్టె లేదు, ప్రేమ ఉంది. ఇక్కడ కట్టె దొరుకుతుంది. జమీందారు రెండు రూపాయలు విసిరేస్తాడు, ఊరివారు తలా కొంత ఇచ్చి ఐదు రూపాయలు చేస్తారు. లేనిది ప్రేమ. గుడిసె లోపల బుధియా ప్రసవవేదనతో ప్రాణాలు విడుస్తుంటే, బయట నెగడు దగ్గర మామ ఘీసూ, భర్త మాధవ్ కాల్చిన బంగాళాదుంపలు తింటుంటారు. ఒకరు లోపలికి పోతే రెండవవాడు దుంపలన్నీ తినేస్తాడన్న అనుమానంతో ఎవరూ కదలరు. శవవస్త్రం కోసం పోగైన డబ్బును ఇద్దరూ సారాయి దుకాణంలో ఖర్చు చేస్తారు. బ్రతికినప్పుడు ఒంటి మీదకు చింకిగుడ్డ లేని మనిషికి చచ్చాక కొత్త బట్ట ఎందుకన్నది ఘీసూ వాదం. ఎలాగూ ఊరివారే మళ్ళీ బట్ట కొనిస్తారన్నది అతని ధీమా.

ఈ కథను చదివిన ప్రతివాడూ మొదట ఆ ఇద్దరినీ అసహ్యించుకుంటాడు. తరువాత ఘీసూ వాదానికి సమాధానం వెదుకుతాడు. ఆ సమాధానం సులభంగా దొరకదు. ప్రసవానికి మంత్రసాని కోసం ఒక్క రూపాయి పుట్టని ఊరిలో, శవం మీద కప్పే బట్టకు గంటసేపట్లో ఐదు రూపాయలు ఎట్లా పోగయ్యాయి? సమాజం బ్రతికున్న బుధియాకు ఏమీ ఋణపడలేదు. చచ్చిన బుధియాకు ఋణపడింది. అంత్యక్రియ ఇక్కడ మృతుల గౌరవం కోసం కాక, ఊరి పరువు కోసం జరిగే తంతుగా బయటపడుతుంది. ఆ తంతులోని బూటకాన్ని ఘీసూ పసిగట్టాడు. పసిగట్టి తాగాడు తప్ప తిరగబడలేదు. ప్రేమ్‌చంద్ వాస్తవికతలోని క్రౌర్యం అక్కడ ఉంది.

దళిత విమర్శకులు ఈ కథ పట్ల చెప్పిన అభ్యంతరాన్ని పక్కకు నెట్టడం సరికాదు. పనిదొంగలుగా, మానవత్వం లేనివారుగా చూపదలచిన ఇద్దరిని చమార్ కులంలోనే పుట్టించడం ఎందుకని వారు అడిగారు. కాటి దగ్గర ఒకరికొకరు తోడు నిలవడం పేద కులాలలోనే ఎక్కువన్న అనుభవం కూడ ఆ ప్రశ్న వెనుక ఉంది. కథ లక్ష్యం కులం కాదని, శ్రమకు ఫలం లేని వ్యవస్థ అని సమాధానం చెప్పవచ్చు. రచయిత స్వయంగా ఆ మాటను కథ మధ్యలో చెప్పారు కూడ. అయినా బుధియా మూలుగు తప్ప మాట వినబడని ఈ కథలో ఒక పెద్ద ఖాళీ ఉన్నదన్నది నిజం. 1977లో మృణాల్ సేన్ ఈ కథను ‘ఒక ఊరి కథ’ పేరుతో తెలుగు చలనచిత్రంగా తీసినప్పుడు ఆ ఖాళీని కొంత పూరించారు. తండ్రిగా ఎం.వి. వాసుదేవరావు, కోడలు నీలమ్మగా మమతా శంకర్ నటించారు. గుడిసె చీకటిలోని కేక మాత్రమే అయిన కోడలికి చిత్రం ఒక ముఖాన్ని, నడకను, ఎదురు చెప్పే నోటిని ఇచ్చింది. ప్రాణాలు పోయేది ఎవరికో ముందే తెలిసిన ప్రేక్షకునికి శవవస్త్రం డబ్బు ఖర్చవడం మరింత దుర్భరంగా ఉంటుంది.

మూడవ రచన యు.ఆర్. అనంతమూర్తి గారి కన్నడ నవల ‘సంస్కార’ (1965). చచ్చాక మోయడానికి నలుగురు ఉండాలని మనవారు అంటుంటారు. దూర్వాసపురం అగ్రహారంలో మనుషులకు కొదవ లేదు, కట్టెకూ కొదవ లేదు. మోసే భుజమే లేదు. ఆచారాలన్నీ ఉల్లంఘించి చంద్రితో కాపురం చేసిన నారణప్ప శివమొగ్గ నుండి జ్వరంతో తిరిగి వచ్చి మరణించాడు. అతడు బ్రాహ్మణ్యాన్ని వదిలాడు గాని, అతనిని కులం వెలివేయలేదు. అందుచేత సంస్కారం చేస్తే మైల, చేయకపోతే దోషం. శవం లేచేదాకా అగ్రహారంలో పొయ్యి వెలగరాదు. ఖర్చు కోసం చంద్రి తన నగలు ఒలిచి ముందు పెట్టినప్పుడు, అంతవరకూ ససేమిరా అన్నవారి మనసులు కదలడం మొదలైంది. శాస్త్రం తెలిసిన ప్రాణేశాచార్యుడు తాళపత్రాలు వెదికాడు, మారుతి గుడిలో దైవసూచన కోసం నిరీక్షించాడు; సమాధానం రాలేదు. ఎలుకలు రాలుతున్నాయి, గద్దలు ఇళ్ళ మీద వాలుతున్నాయి. ప్లేగు వచ్చిందన్న సంగతి పాఠకునికి తెలిసినంత త్వరగా అగ్రహారానికి తెలియదు.

శవం చివరకు ఎట్లా దహనమైంది? చంద్రి రాత్రివేళ చేపల వ్యాపారి అయిన అహమద్ బారీ అనే ముస్లిమును బతిమాలింది. అతడు బండిలో శవాన్నీ కట్టెలనూ వేసుకొనిపోయి కాల్చివచ్చాడు. శాస్త్రానికి దొరకని పరిష్కారం ఒక స్నేహితునికి రెండు గంటల పని అయింది. తెల్లవారిన తరువాత కూడ అగ్రహారం ఆ శవం ఇంకా ఇంట్లోనే ఉన్నదనుకొని ఆకలితో అలమటిస్తూ ఉంటుంది. మన నవలాసాహిత్యంలో ఇంతటి తీవ్రమైన వ్యంగ్యం అరుదు. అదే నవలలో, కాస్త దూరాన అంటరానివారి గుడిసెలలో కూడ ఆ రోగంతోనే మనుషులు చనిపోతారు. శవాలను గుడిసెతో సహా కాల్చివేస్తారు. అక్కడ చర్చ లేదు, శాస్త్రం లేదు. ఆ మంటను అగ్రహారం ఎవరి మరణంగానూ గుర్తించదు.

ఇంత గొప్ప నవలలో కూడ విమర్శకునికి ఒక అసంతృప్తి మిగులుతుంది. నారణప్ప దహనం కాగానే కథనం ప్రాణేశాచార్యుని అంతర్మథనంలోకి తిరిగిపోతుంది. చంద్రి కుందాపురం దారి పట్టి కథలో నుండి తప్పుకుంటుంది. అహమద్ బారీకి దక్కినవి కొన్ని వాక్యాలు మాత్రమే. శవాన్ని మోసినవారి కంటె, మోయలేకపోయినవాని సంక్షోభమే నవలకు ముఖ్యమైంది. ఆ సంక్షోభం గాఢమైనదే. కాని నవల పేరుకు గల రెండు అర్థాలలో, అంటే అంత్యక్రియ, ఆత్మసంస్కారం అనే రెండింటిలో, మొదటిదానిని నిజంగా నెరవేర్చినవారు చంద్రి, బారీలు. ఈ నవలను 1970లో చలనచిత్రంగా మలచినవారు ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. గిరీష్ కర్నాడ్ ఆచార్యునిగా, స్నేహలతారెడ్డి చంద్రిగా నటించారు. తొలుత సెన్సారు అనుమతి నిరాకరణకు గురై, తరువాత విడుదలై, ఆ చిత్రం జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్ర పురస్కారం పొందింది. శవాన్ని గురించిన ఒక ప్రశ్నకు సంఘం అంత కలత చెందడం కూడ ఆలోచించదగినది.

కట్టె, బట్ట, భుజం అయిన తరువాత మిగిలింది కన్నీరు. మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘రుదాలి’ (1979) దానిని గురించినది. నాటి బీహారులో, 2000 సంవత్సరం తరువాత జార్ఖండ్‌లో భాగమైన పలామూ ప్రాంతం ఈ కథకు నేపథ్యం. అక్కడి ధనిక భూస్వాముల ఇళ్ళలో చావు జరిగితే ఏడవడానికి కూలికి స్త్రీలను పిలుస్తారు. శనిచరి గంజూ కులస్త్రీ. అత్త పోయింది, భర్త పోయాడు, కొడుకు పోయాడు. ఒక్కరి కోసమూ ఆమె ఏడవలేకపోయింది. ఆమెకు గుండె లేక కాదు. ప్రతి చావు వెంటా దహనం ఖర్చు, పురోహితుని డిమాండు, మహాజనుని అప్పు, దాని వెంట వెట్టి వచ్చిపడ్డాయి. ఏడవడానికి తీరిక దొరకలేదు. అటువంటి శనిచరి, తన స్నేహితురాలు బిఖ్నీతో కలిసి, తనను పీడించినవారి శవాల వద్ద కూలికి ఏడుస్తుంది. ఊరక ఏడిస్తే ఒక రేటు, నేల మీద పొర్లి ఏడిస్తే మరొక రేటు.

మన పల్లెల్లో స్త్రీలు శోకాలు పెట్టడం ఎరిగినవారికి, తమిళుల ఒప్పారి విన్నవారికి, శోకానికి ఒక కళారూపం ఉన్నదన్న సంగతి కొత్త కాదు. చనిపోయినవారి గుణగణాలను రాగయుక్తంగా ఎత్తి చెప్పే ఆ శోకంలో నిజమైన దుఃఖమూ, నేర్చిన పద్ధతీ కలిసే ఉంటాయి. మహాశ్వేతాదేవి ఈ పద్ధతిని ఆర్థికశాస్త్రం వైపు నుండి చూశారు. పెద్దింటివారికి చావు కూడ హోదాను ప్రదర్శించే సందర్భమే. ఎంతమంది ఏడిస్తే అంత ఘనత. పేదవారికి ఆ హోదాయే జీవనాధారం. బిఖ్నీ మరణవార్త విన్న తరువాత కూడ శనిచరి ఆగిపోదు. తోహ్రీ వేశ్యవాటికకు పోయి, ఆ భూస్వాముల కారణంగానే అక్కడికి చేరిన స్త్రీలను రుదాలీలుగా కూడగట్టి తెస్తుంది. గంభీర్‌సింగ్ శవం ముందు ఏడ్చేవారిలో, ఎన్నడూ అతడు కూతురిగా ఒప్పుకోని గుల్బదన్ కూడ ఉంటుంది. ఈ ఏడుపు దుఃఖమా, పరిహాసమా, ప్రతీకారమా అన్నది రచయిత్రి తేల్చి చెప్పలేదు. 1992లో ఉషా గంగూలీ దీనిని హిందీ నాటకంగా ప్రదర్శించారు. 1993లో కల్పనా లాజ్మీ చిత్రంగా తీశారు. చిత్రం కథను రాజస్థాన్ ఎడారికి తరలించి, నాయిక చివరకు నిజంగా ఏడవగలగడాన్ని పతాక సన్నివేశం చేసింది. అది హృదయాన్ని తాకుతుంది. కాని మూలకథలోని శనిచరికి కావలసింది కన్నీటి విడుదల కాదు, తనవారి సంఘటన. ఆ తేడాను విస్మరిస్తే కథ తలకిందులవుతుంది.

ఈ నాలుగు రచనలనూ కలిపి చూసినప్పుడు ఒక సామాన్యాంశం స్పష్టమవుతుంది. ఇవి మరణాన్ని గురించిన తత్త్వచింతన చేయవు. ఆత్మ ఎక్కడికి పోతుందని అడగవు. అంత్యక్రియకు కావలసిన నాలుగు వస్తువులను, అంటే కట్టెను, బట్టను, భుజాన్ని, కన్నీటిని, ఒక్కొక్కటిగా తీసుకొని, అవి ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరికి నిరాకరింపబడుతున్నాయి అని లెక్క అడుగుతాయి. కర్మకాండ వట్టి మూఢాచారమని కొట్టివేసే సంస్కరణవాదానికి ఇవి పూర్తిగా లొంగవు. అభాగి చూసిన రథం భ్రమే కావచ్చు. కాని తన చావుకు కూడ ఒక అందం, ఒక గౌరవం ఉండాలన్న ఆమె కోరిక భ్రమ కాదు. నిజానికి ఈ నలుగురి కథలలో తన అంత్యక్రియ ఎట్లా జరగాలో చెప్పుకున్న వ్యక్తి ఆమె ఒక్కతే. బుధియా చెప్పలేదు, చెప్పే వీలు లేదు. నారణప్ప అభిమతం ఏమిటని అగ్రహారం అడగలేదు. మృతుల మాటను వినడంలో మన కథ ఇంకా నడవవలసిన దూరం ఉన్నదనడానికి ఇదొక నిదర్శనం.

ఈ ప్రశ్నలు పాతబడలేదు. జీవించి ఉన్న మనిషికే కాక, మరణానంతరం అతని శరీరానికి కూడ గౌరవం పొందే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 1995లో పేర్కొన్నది. దిక్కులేని మృతులకు వారి మతాచారాన్ని అనుసరించి గౌరవప్రదమైన అంత్యక్రియ జరగాలన్న అంశాన్ని 2002లో ఇళ్ళులేనివారి విషయంలో పరిశీలించింది. ధర్మరాజు ఆజ్ఞ రాజ్యాంగభాషలో మళ్ళీ వినిపించిందని అనుకోవచ్చు. అటు తరువాత 2020, 2021 సంవత్సరాల కరోనా కాలం వచ్చింది. అప్పుడు కట్టె కోసం, చోటు కోసం శ్మశానాల ముందు బారులు తీరడం చూశాము. గంగానదిలో శవాలు కొట్టుకొని రావడం 2021 మే నెలలో దేశమంతా చూసింది. కన్నవారిని కడసారి తాకే వీలు లేక, దూరం నుండి చూసి మరలినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అదే కాలంలో, కులమతాలు ఎంచక, ముఖం తెలియనివారి శవాలను మోసి దహనమో ఖననమో చేసిన పారిశుద్ధ్య కార్మికులూ, స్వచ్ఛంద యువకులూ ఉన్నారు. వారిలో అహమద్ బారీలు ఎందరో. అనంతమూర్తి నవలలో కొన్ని వాక్యాలలో ముగిసిన ఆ మనిషి కథ పూర్తిగా రాయవలసిన సమయం వచ్చిందని ఆ రోజులు చెప్పాయి.

దింపుడుకళ్ళం దగ్గర మృతుని పిలవడం వల్ల అతడు లేచి రాడు. పిలిచేవారికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ మూడు పిలుపులు లేకుండా పాడె ముందుకు కదలదు. కాంగాలి తల్లిని, బుధియాను, నారణప్పను, శనిచరి మనుషులను ఒకసారి పేరు పెట్టి పిలిచినది వారి సమాజం కాదు, వారి కథకులు. ఆ పిలుపు మృతుల చెవిన పడదు. పాడె చుట్టూ నిలబడి ఉన్న మనకు మాత్రం వినబడుతుంది.